వేసవి పులి మసకగా వస్తోందా? తప్పు లెన్సుది కాకపోవచ్చు

అడవుల్లో ఫొటోలు తీయడం గురించి సందేహాలుంటే రాయమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం మహారాష్ట్ర సరిహద్దున ఉన్న చంద్రపూర్, గడ్చిరోలి, యవత్‌మాళ్ జిల్లాల తెలుగువారివే. నేనూ బల్లార్షావాడినే కనుక ఆ ఉత్తరాల్లోని దారులు, గేట్లు, నీటి గుంటలు నాకు కొత్తవి కావు. ఒకే సందేహాన్ని పదిమంది అడిగినచోట ఒక ఉత్తరానికే వివరంగా జవాబు రాశాను.

ప్రశ్న: మే నెలలో మొహర్లీ గేటు నుంచి తాడోబా పులుల అడవికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పులి కనిపించింది. కానీ 150–600 మి.మీ. లెన్సుతో తీసిన పులి ఫొటోల్లో ఒక్కటీ పదునుగా రాలేదు. నీళ్లలోంచి చూసినట్టు చారలు అలలు అలలుగా ఉన్నాయి. లెన్సును మరమ్మతుకిచ్చి తెచ్చుకున్నా మార్పు లేదు. దీన్ని అమ్మేసి ఇంకొకటి కొనుక్కోమంటారా?
– ఒక బొగ్గుగని ఉద్యోగి, బల్లార్షా

జవాబు: దయచేసి అమ్మకండి. మీరు పంపిన ఫొటోలను కంప్యూటరులో పెద్దవి చేసి ఒక్కొక్కటిగా చూశాను. వాటిలో ఉదయం ఆరుంబావుకు తీసిన దుప్పి ఒకటుంది. దాని కనురెప్ప వెంట్రుకలను లెక్కపెట్టవచ్చు. తొమ్మిదిన్నరకు తీసిన పులికి మీసాలే కనిపించడం లేదు. లెన్సు చెడిపోయి ఉంటే రెండు ఫొటోలూ ఒకేలా చెడిపోవాలి. మూడు గంటల్లో మారింది లెన్సు కాదు, మీకూ పులికీ మధ్య ఉన్న గాలి.

వేసవి మధ్యాహ్నం తారురోడ్డు మీద దూరాన నీళ్లు నిలిచినట్టు కనిపించే ఎండమావిని మనమందరం చూసినవాళ్లమే. నేల కాగినప్పుడు దాన్ని ఆనుకుని ఉన్న గాలి వేడెక్కి, పలచబడి, పైకి లేస్తుంది. పైనున్న చిక్కటి గాలి ఆ చోటులోకి దిగుతుంది. ఈ పలచని, చిక్కని పొరల గుండా వచ్చే వెలుగు అడుగడుగునా కొద్దికొద్దిగా వంగి, మన కంటికి వణుకుతున్నట్టు కనిపిస్తుంది. ఆరువందల మిల్లీమీటర్ల లెన్సు పులిని ఎంత పెద్దది చేస్తుందో ఆ వణుకునూ అంతే పెద్దది చేస్తుంది. మన చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎండ 46, 47 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఎర్రమట్టి బాట మీదుగా నూరు మీటర్ల అవతలి పులిని తీస్తే ఎంత ఖరీదైన లెన్సయినా ఇదే ఫలితాన్ని ఇస్తుంది.

షట్టర్ వేగాన్ని సెకనులో రెండువేలో వంతుకు పెంచానని, అయినా లాభం లేకపోయిందని మీరు రాశారు. వేగం పెంచితే పులి కదలిక ఆగుతుంది, కానీ గాలి వంచిన బొమ్మ ఆ వంకరతోనే ఆగుతుంది. దీనికి నాకు తెలిసిన మందులు మూడే. సఫారీ మొదలైన తొలి రెండు గంటల్లోనే దూరపు ఫొటోలన్నీ తీసుకోవడం మొదటిది. ఎండ ముదిరాక దూరపు జంతువు మీద ఆశ వదులుకుని, ముప్పై నలభై మీటర్ల లోపు ఉన్నవాటినే తీయడం రెండవది. మూడవది, కాగిన బాట మీదుగా కాకుండా నీడపట్టున ఉన్న నేల మీదుగానో, నీటి మీదుగానో చూపు సాగేలా చోటు దొరికితే అక్కడ వాహనం ఆపించుకోవడం. ఇవేవీ కుదరనప్పుడు ఒకేసారి పది పదిహేను ఫొటోలు వరసగా తీయండి. గాలి ఒక్క క్షణం నిలకడగా ఉన్నప్పుడు వాటిలో ఒకటి మిగతావాటికన్నా మెరుగ్గా పడవచ్చు. మీరెక్కిన సఫారీ వాహనం (జిప్సీ) బానెట్టు మీదుగా మాత్రం ఎప్పుడూ తీయకండి, అక్కడ ఇంజను వేడి కూడా తోడవుతుంది.

మీ ఫొటోల్లో మరొక దోషం కూడా ఉంది, దాన్ని దీనితో కలిపి చూడకూడదు. ఎలుగుబంటి ఫొటోలో ప్రతి వెంట్రుకకూ ఒకే వైపున జంటగా నీడ వచ్చింది. అది ఇంజను ఆపకుండా తీయడం వల్ల వచ్చిన అదురు. గుర్తు పట్టడానికి ఒక సులువు చెబుతాను. అంచులు ఒక క్రమం లేకుండా అలలుగా ఉంటే అది వేడిగాలి పని. అన్ని అంచులూ ఒకే దిశలో జోడుగా పడితే అదురు. జంతువు మసకగా ఉండి, దాని ముందున్న గడ్డిపోచో వెనకనున్న ఆకో పదునుగా ఉంటే అది ఫోకస్ తప్పడం. ఈ మూడింటిలో ఏదీ కాకుండా, తెల్లవారుజామున, ఇంజను ఆపి, దగ్గరి చెట్టు మొద్దును తీసినా మసకే వస్తే అప్పుడు లెన్సును అనుమానించండి.

అదురు తగ్గించడానికి సంచీ ఒకటి కుట్టించుకోండి. పాత జీన్సు ప్యాంటు కాలును మోకాలి కింద జానెడున్నర పొడవు కత్తిరించి, ఒక వైపు కుట్టేసి, రెండు కిలోల శనగలు పోసి రెండో వైపు కూడా కుట్టేస్తే సరిపోతుంది. నిండుగా కాకుండా మూడు వంతులే నింపితే అది జిప్సీ చువ్వ మీద చెరో వైపుకూ వాలి కూర్చుంటుంది, లెన్సు దానిలో తనకు కావలసినంత గుంట తానే చేసుకుంటుంది. వరిపొట్టు పోసి చూశాను, అది తేలిక కనుక నిలవదు. నా సంచీకి పదకొండేళ్లు. శనగలు పుచ్చిపోయినప్పుడల్లా మార్చుకుంటున్నాను.

ప్రశ్న: తాడోబాలో అడవిదున్నను దగ్గరగా తీశాను. నల్లగా నిగనిగలాడే జంతువు ఫొటోలో బూడిద రంగులో వెలిసిపోయి కనిపిస్తోంది. అదే రోజు ఈరాయ్ జలాశయం దగ్గర తీసిన తెల్లకొంగకు ఈకలే లేకుండా సున్నపు ముద్దలా వచ్చింది. కెమెరాను ఆటోమేటిక్‌లోనే ఉంచాను.
– ఒక ఉపాధ్యాయుడు, పాటన్‌బోరి

జవాబు: కెమెరాలోని కొలమానానికి నలుపు, తెలుపు అనే తేడా తెలియదు. తన ముందున్నదంతా సగటున ఒక నడిమి బూడిద రంగు అనుకుని వెలుగును లెక్కగడుతుంది. మీ దున్న ఫొటో చట్రమంతా (ఫ్రేమంతా) నిండింది కనుక, ఇక్కడ వెలుగు చాలడం లేదని కెమెరా అనుకుని, ఎక్కువ వెలుగు పోసి నలుపును బూడిద చేసింది. అటువంటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే కెమెరా లెక్కగట్టిన వెలుగును మనం పెంచే తగ్గించే సదుపాయాన్ని, మైనస్ మూడింట రెండు నుంచి మైనస్ ఒకటి దాకా తగ్గించండి. దున్నకు మోకాళ్ల కింద తెల్లటి మేజోళ్లు తొడిగినట్టు ఉంటుంది. ఆ తెలుపులో వెంట్రుకల గీతలు కనిపిస్తున్నాయంటే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టే.

కొంగ విషయం దీనికి తిరగబడినట్టు అనిపిస్తుంది గానీ కారణం అదే. చిన్న కొంగ చుట్టూ నల్లటి నీరు పరచుకుని ఉంది, కెమెరా ఆ నీటిని చూసి వెలుగు పెంచింది, పెరిగిన వెలుగంతా కొంగ మీద పడి ఈకలు చెరిగిపోయాయి. అక్కడ మైనస్ ఒకటి, అవసరమైతే ఇంకా కిందికి దించాలి. అదే కొంగ చట్రమంతా నిండి ఉంటే కెమెరా దాన్ని బూడిద చేయబోతుంది, అప్పుడు ప్లస్ వైపు వెళ్లాలి. అంటే గుర్తుపెట్టుకోవలసింది జంతువు రంగును కాదు, చట్రంలో ఎక్కువ చోటు ఆక్రమించిన రంగును. తెలుపు మించిపోయిన చోట తెర మీద మిణుకుమిణుకుమని హెచ్చరించే సదుపాయం దాదాపు అన్ని కెమెరాల్లోనూ ఉంది, దాన్ని తెరిచి ఉంచండి. రా (RAW) ఫైలుగా, అంటే కెమెరా దిద్దని మూల రూపంలో తీస్తే చిన్న పొరపాట్లను తరువాత దిద్దవచ్చు, కానీ పూర్తిగా కాలిపోయిన తెలుపును ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ప్రశ్న: నా దగ్గర కెమెరాతో పాటు వచ్చిన 18–55 లెన్సు మాత్రమే ఉంది. దీనితో జాతీయ ఉద్యానానికి వెళితే డబ్బు దండగ అని స్నేహితులు అంటున్నారు. అప్పు చేసి పెద్ద లెన్సు కొనాలా?
– ఒక విద్యార్థి, రాజురా

జవాబు: అప్పు చేయకండి. మీ స్నేహితులు పులి ముఖం ఒక్కటే ఫొటో అనుకుంటున్నారు. తాడోబా నుంచి వచ్చిన పులి ముఖాలను ఇప్పటికి వేలల్లో చూసి ఉంటాను, వాటిలో అధిక భాగం జంతు ప్రదర్శనశాలలో తీశామన్నా నమ్మేటట్టు ఉంటాయి. అది తాడోబా అని చెప్పేది పులి కాదు, దాని వెనకనున్న వెదురు పొద, టేకు ఆకు, ఎర్రమట్టి. వాటిని చట్రంలోకి తెచ్చేది మీ చిన్న లెన్సే.

తాడోబా 1955లో జాతీయ ఉద్యానం అయింది. దాని విస్తీర్ణం 116 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని ఆనుకుని ఉన్న అంధారీ అభయారణ్యం 1986లో ఏర్పడింది. ఈ రెండూ కలిసే నేటి పులుల సంరక్షణ కేంద్రానికి కోర్ (నడిమి) ప్రాంతం. ఆకు రాల్చే అడవి కనుక ఒకే మలుపు సంవత్సరంలో నాలుగు రూపాలు చూపిస్తుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో తాడోబా చెరువు మీద మంచు లేస్తుంది. సూర్యుడు గట్టు మీది చెట్లను దాటి వచ్చేదాకా ఆ మంచు నీలంగా ఉండి, దాటిన నిమిషంలో పసుపు అవుతుంది. ఆ రెండు రంగులూ ఒకే చట్రంలో దొరికే వ్యవధి మహా అయితే నాలుగైదు నిమిషాలు. గట్టు దగ్గర తారు అనే గోండు దేవుడి గుడి ఉంది. పులితో పోరాడి ప్రాణం విడిచిన ఊరి పెద్ద తారు అని, తాడోబా అన్న పేరు ఆయన నుంచే వచ్చిందని గోండులు చెబుతారు. ఆ చెరువును తీసేటప్పుడు ఆ మాట మనసులో ఉంటే మీరు కెమెరా ఎత్తే తీరే మారుతుంది, నా అనుభవంలో మారింది.

ఫిబ్రవరి చివర టేకు మోడయ్యే వేళకు మోదుగ పూస్తుంది. ఆకులేని బూడిద రంగు అడవిలో అక్కడక్కడ నిప్పు పెట్టినట్టుంటుంది. మోదుగను ఆకాశం మీదికి పెట్టి తీస్తే పూలు నల్లని చుక్కలుగా మిగిలిపోతాయి. ఎండ మీ వీపు మీద ఉండేలా చూసుకుని, వెనక నీడలో ఉన్న గుట్టనో వెదురునో తెరగా పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలుతాయి, దుప్పులు తెల్లవారకముందే చెట్టు కిందికి చేరతాయి. పెద్ద చెట్టు, కింద తలవంచుకున్న నాలుగు దుప్పులు, వాటి మధ్య నేల మీద పసుపుపచ్చని పూల చాప, ఇది యాభై అయిదు మిల్లీమీటర్లకు సరిగ్గా సరిపోయే బొమ్మ. ఎండలు ముదిరాక ఆకులన్నీ రాలిన తపసి చెట్టు, నున్నటి తెల్ల బెరడుతో, పొద్దు వాలేటప్పుడు మనిషి చేతులు చాచి నిలబడినట్టు ఉంటుంది. ఆ కొమ్మ మీద ఒక్క కొండముచ్చు కూర్చుంటే ఇక పులి కోసం చూడనక్కరలేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. దుమ్ము లేచే బాట మీద లెన్సు మార్చకండి. మీకు ఉన్నది ఒక్కటే కనుక ఆ బాధ లేదు, అది కూడా ఒక లాభమే. కెమెరాను పాత నూలు చీర ముక్కలో చుట్టి ఒడిలో పెట్టుకోండి. సఫారీలో కిందికి దిగనివ్వరు కనుక ట్రైపాడ్ ఇంట్లో వదిలేయండి. కోర్ ప్రాంతం మంగళవారాలు, జూలై నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం మూసి ఉంటుంది. మొబైలు ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు, కాబట్టి ఫోనులో తీసుకుంటానులే అన్న ధీమా పెట్టుకోకండి.

ప్రశ్న: డ్రైవరుకు, గైడుకు విడిగా కొంత ముట్టజెబితే పులికి దగ్గరగా తీసుకువెళతారని విన్నాను. ఎంత ఇవ్వాలి?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, చంద్రపూర్

జవాబు: దగ్గరికి తీసుకువెళ్లడానికైతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. సఫారీ ముగిశాక, వాళ్లు ఓపికగా ఆపి, ఇంజను కట్టేసి, మీకు అడవిని చూపించినందుకు మనసుకు తోచింది ఇవ్వండి. జంతువుకు కనీసం 20 మీటర్లు, రెండు వాహనాల మధ్య 50 మీటర్లు ఎడం ఉండాలని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ నియమం ఎందుకో నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

చాలా ఏళ్ల కిందట, ఒక మే నెల సాయంత్రం, నీటి గుంట దగ్గర ఆరు జిప్సీలు ఆగి ఉన్నాయి. వెదురు పొదలో ఆడపులి ఉందని గైడు చెప్పాడు. అది బయటికి వచ్చినప్పుడు ముఖం మీద వాలుపొద్దు వెలుగు పడాలని, వాహనాన్ని కొంచెం ముందుకు తీయమని డ్రైవరును నేను బతిమాలాను. అతను వద్దన్నాడు, నేను మళ్లీ అడిగాను. మా జిప్సీ కదిలేసరికి మిగతావీ కదిలాయి, పొదకూ నీటికీ మధ్య వాహనాల గోడ లేచింది. పులి లేచి నాలుగడుగులు వేసి, మమ్మల్ని చూసి, తిరిగి పొదలో పడుకుంది. దాని పక్కన రెండు పిల్లలు ఉన్నాయని అప్పుడు తెలిసింది. గంటన్నర సేపు అవి నాలుకలు చాపి రొప్పుతూనే ఉన్నాయి. గేటు మూసే వేళయి బయలుదేరాక వెనక్కి తిరిగి చూస్తే, పులి నీటి అంచుకు వచ్చి, వేసవిలో పులులు చేసేటట్టే వెనకకాళ్లు ముందుగా దించి, వీపు నీటివైపు పెట్టి మెల్లగా కూర్చుంది. పిల్లలు తలలు ఎత్తకుండా తాగుతున్నాయి. ఆ సాయంత్రం తీసిన ఫొటోలో వెలుగు నేను కోరుకున్నట్టే పడింది. నేను దాన్ని ఎక్కడా ప్రచురించలేదు, ఎవరికీ చూపించలేదు.

మీరు గైడును అడగవలసింది వేరే ఉంది. ఈ గుంటకు జంతువులు ఏ వైపు నుంచి వస్తాయి, ఏ వైపుకు పోతాయి అని అడగండి. ఆ దారి వదిలి, వెలుగు అనువుగా ఉన్న మూల చూసి ఆగి, కదలకుండా ఉండండి. కొండముచ్చు దగ్గినట్టు అరిచినా, దుప్పి కీచుమన్నా తొందరపడకండి, అవి ఒక్కోసారి ఉత్త అనుమానంతోనూ అరుస్తాయి. కణితి (సాంబారు) గట్టిగా ఒక్కొక్క అరుపు అరుస్తూ, తోక నిక్కించి, ముందరికాలు నేలకు కొడితే మాత్రం కెమెరా సిద్ధం చేసుకోండి. ఇక జంతువుల పిల్లలున్న గుహలు, పక్షి గూళ్లు తీసినవారు ఆ ఫొటోలను పదిమందికీ పంపే ముందు ఫైలులోని స్థల వివరాలను తప్పనిసరిగా తీసేయండి.

ప్రశ్న: అడవి మీద డ్రోను ఎగరేసి తీయవచ్చా?
– ఒక పాఠకుడు, వణీ

జవాబు: అనుమతి లేకుండా రక్షిత అరణ్యం మీద ఎగరేయడం నేరం. పర్యాటకులకు ఆ అనుమతి ఇవ్వరు. గూటి మీద కూర్చున్న పక్షి ఆ రొదకు లేచిపోతే, మే నెల ఎండకు గుడ్లు నిమిషాల్లో పాడవుతాయి.

ప్రశ్న: మాది సిరొంచ. సఫారీకి వెళ్లే స్తోమత లేదు, మంచి కెమెరా కూడా లేదు, ఫోను మాత్రమే ఉంది. మీరు రాసేవన్నీ చదువుతాను కానీ ఏవీ నాకు పనికిరావేమో అనిపిస్తుంది.
– ఒక గృహిణి, సిరొంచ

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని చివర పెట్టింది తీరిగ్గా రాద్దామనే. తాడోబాకు వెళ్లినవారికి దొరకనిది మీ గుమ్మం ముందుంది. సిరొంచ ప్రాణహితకు తూర్పు గట్టున ఉంది, అంటే పొద్దు మీకు ఎదురుగా, నీటి మీద, తెలంగాణ వైపున కుంకుతుంది. మీ ఊరికి దిగువనే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, ఇంకా కిందికి పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. చలికాలంలో నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడినప్పుడు, పొద్దు కుంకడానికి అరగంట ముందు రేవుకు వెళ్లండి. ఫోను తెర మీద సూర్యుడి పక్కనున్న ఆకాశాన్ని వేలితో తాకి, వెలుగును కొంచెం కిందికి జరపండి. ఇసుక మేట నల్లటి గీతగా, నీరు రాగి రేకులా, దాని మీద తిరిగివస్తున్న పడవ స్పష్టమైన ఆకారంగా వస్తాయి. ఫోనులో రెండు వేళ్లతో దగ్గరికి లాగకండి, దానివల్ల బొమ్మ పెద్దదవుతుంది గానీ వివరం పెరగదు. దగ్గరికి కావాలంటే నాలుగడుగులు మీరే నడవండి.

ఉదయం వెళితే పొద్దు మీ వీపు వెనక ఉంటుంది, అవతలి గట్టు రంగులన్నీ తేటగా కనిపిస్తాయి. ఇసుక మీద ఏటవాలు వెలుగులో రాత్రి తిరిగిన పక్షుల అడుగులు, నీటిపాము ఈడ్చుకుపోయిన గీత, మేకల మంద జాడ అన్నీ నీడలతో లేచి కనిపిస్తాయి. పొద్దు ఎక్కాక అవే అడుగులు చదునుగా మాయమైపోతాయి. మీ తాలూకాలోని వడధంలో శిలాజాలు ఉన్నాయి. రాయిగా మారిన చెట్టు మొద్దు మీది గీతలను తీయడానికి కూడా ఆ ఏటవాలు వెలుగే కావాలి, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అది ఉత్త బండలా కనిపిస్తుంది.

జూన్ చివర ఆరుద్ర కార్తెలో తొలి వానలు పడ్డాక పొలం గట్ల మీద ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. ఫోను లెన్సు చిన్నది కావడం అక్కడ వరం అవుతుంది. దాన్ని తలకిందులుగా పట్టుకుంటే లెన్సు నేలకు దగ్గరవుతుంది. పురుగు నుంచి బెత్తెడు దూరంలో, తడిమట్టి మీద ఆనించి, మీ నీడ దాని మీద పడకుండా కూర్చోండి. చేత్తో పట్టుకుని అనువైన చోట పెట్టకండి, అదే నడుచుకుంటూ వస్తుంది. ఎర్రటి ముఖమలు మీద వాన చుక్క నిలిచిన క్షణం దొరికితే, ఆ ఫొటో మాకు పంపండి.